వాలు

పార్లరు షట్టరు సగం దించి
అద్దం ముందు కుర్చీలో నిన్ను కూచోబెట్టాను.
ఈ కుర్చీలో మగపిల్లాడు కూచోవడం ఇదే మొదలు.

పద్నాలుగేళ్లుగా మురుగేశ్‌పాళ్యలో
దారం పళ్ల మధ్య బిగించి
కనుబొమలు తీస్తున్నాను.
పెళ్లికూతుళ్ల పెదవి మీది నూగు,
ఎవరికీ చెప్పొద్దని కళ్లతోనే అడిగే
కాలేజీ పిల్లల గడ్డం కింద మూడు వెంట్రుకలు.
చర్మం ఎక్కడ ఏడుస్తుందో నాకు తెలుసు.
రేజరు మాత్రం తెలీదు.

మొన్న నువ్వు నా కనుబొమల బ్లేడు దొంగిలించి
పొడి మొహం మీదే గీక్కుని
మెడ నిండా ఎర్ర పొక్కులతో ట్యూషన్‌కి వెళ్లావు.
మఫ్లరెందుకురా అంటే చలన్నావు.
మే నెలలో.

ఆ సాయంత్రమే చౌడప్ప సెలూన్ గడప ఎక్కాను.
నలుగురు మగాళ్లు పేపర్లు దించి చూశారు.
"ఏనమ్మా, దారి తప్పిద్రా?" అన్నాడు చౌడప్ప.
"లేదు, దారి అడగడానికే వచ్చా."

కరెంటు బిల్లు వెనక మొహం ఒకటి గీసి
బాణాలు పెట్టాడు.
చెంప మీద కిందికి,
గడ్డం దగ్గర పక్కకి,
గొంతు మీద కొందరికి పైకి, కొందరికి సుడి.
ఒక్కో మొహానికి ఒక్కో వాలు,
మన ఊళ్లో వన్‌వేల లాగే, అన్నాడు.
వేలితో నిమిరి చూడమన్నాడు,
గరగరమన్న వైపు పోవద్దన్నాడు.
డబ్బులు తీసుకోలేదు.

కావేరి నీళ్లు వచ్చే రోజు కోసం ఆగాం.
బోరు నీళ్లలో సబ్బు
విరిగిన పాలలా తెట్టె కడుతుంది, నురగ రాదు.
ఇవాళ తెల్లారి నాలుగింటికి కుళాయి దగ్గింది.
రెండు బిందెలు పట్టి
చెంబుడు నీ గడ్డానికని దాచాను.
పైవాటా మంగళమ్మకి తెలిస్తే
వీధంతా నవ్విస్తుంది.

వేడి టవలు. వంద లెక్కపెట్టు చేతన్.
వందంటే వందే,
అరవై తర్వాత ఎనభై రాదు.
బ్రష్ గుండ్రంగా తిప్పు, ఇంకా, ఇంకా,
నురగ గడ్డపెరుగులా నిలబడేదాకా.

ముందు నా ముంజేతి మీద
మూడంగుళాలు గీసి చూసుకున్నాను,
ఎంత ఒత్తితే మంటో,
ఎంత వాలిస్తే చప్పుడు లేకుండా పోతుందో.
ఆ చోటు ఇంకా నున్నగానే ఉంది,
ఏం క్రీమక్కా అని కస్టమర్లు అడుగుతున్నారు.

ఇప్పుడు రేజరు నీ చేతిలో,
నీ చెయ్యి నా చేతిలో.
రేజరు బరువు చాలు, నీ బరువు కలపకు.

మొదటి గీత.
తెల్లటి నురగలో సన్నటి బాట.
నువ్వు ఊపిరి బిగబట్టావు,
నేనూ.

ఎడమ దవడ కింద సుడి ఉంది నీకు.
పదహారేళ్లుగా కడిగిన మొహం,
ఇది మాత్రం ఇవాళే దొరికింది.
నాది కాదు ఈ సుడి.
ఎవరిదని నువ్వడగలేదు.
అక్కడ నాలుగు వెంట్రుకలు మిగిలినా పర్లేదన్నాడు చౌడప్ప.
వదిలేశాం.

చన్నీళ్లు.
తడి మీదే పటిక.
చురుక్కుమన్న చోటల్లా నువ్వు ఒత్తిన చోటు,
గుర్తుపెట్టుకో, మళ్లీసారికి.
తుడవకు, అద్దు.
నీ స్నేహితుడిచ్చిన ఆ నీలం సీసా ఇటివ్వు.
ఘుమఘుమలాడేదంతా మంచిది కాదు.
కిటికీలో కలబంద మట్ట విరిచి
మెడకి రాశాను, జిగురు జారుతుంటే
చక్కిలిగిలికి మెలికలు తిరిగావు,
చిన్నప్పుడు తిరిగినట్టే.

ఎవరో షట్టరు తట్టారు.
ఓపెనా అక్కా?

నువ్వు అద్దంలోంచి కదల్లేదు,
రెండు చెంపలూ మార్చి మార్చి చూసుకుంటూ
రేపు కూడానా అన్నావు.

రేపొద్దు. చర్మానికో రోజు సెలవు.
బ్రష్ కడిగి, కుచ్చు కిందికుండేలా తగిలించు.
ఎల్లుండి నీళ్లొస్తాయి.